నిద్రపోని ప్రింటరు: ఇంటి ఆఫీసులో ఆరని తెరకు కారణమేమిటి?

చెన్నపట్టణంలో ఉద్యోగ వ్యాపారాల నిమిత్తం స్థిరపడిన సరిహద్దు గ్రామాల కుటుంబాలకు ప్రింటరు నేడు అపురూప వస్తువు కాదు. సూళ్లూరుపేట, తడ, సత్యవేడు, నాగలాపురం, నగరి, తిరుత్తణి ప్రాంతాల నుంచి రైలులోనో బస్సులోనో వచ్చి, పెరంబూరులోనో అంబత్తూరులోనో రెండు గదుల ఫ్లాటులో కాపురముంటున్నవారి ఇళ్లలో కూడా కంప్యూటరు బల్ల పక్కన అది ఒక మూల కనిపిస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ఆఫీసులు ఇళ్లకు తరలిన తరువాత వీటి వాడకం మరింత పెరిగింది. పిల్లల పాఠశాల పనులు, ఆధార్ నకళ్లు, ఊరిలోని పొలానికి అటువైపు అడంగల్, 1-బి, ఇటువైపు పట్టా, చిట్టా: ఇవన్నీ ఆ డబ్బా నుంచే వెలువడుతున్నాయి.

ఈ యంత్రం విషయంలో తరచుగా వినవచ్చే ఫిర్యాదు ఒకటున్నది. పని ముగిసి గంటలు గడిచినా ప్రింటరు తెర ఆరదు. రాత్రి దీపాలన్నీ ఆర్పినా నీలి వెలుగు గోడ మీద పడుతూనే ఉంటుంది. ఊరి నుంచి వచ్చిన అవ్వ ‘ఆ దీపం ఎవరికోసం నాయనా?’ అని అడిగితే జవాబు చెప్పలేక చాలామంది గోడ స్విచ్చి కట్టేస్తారు. మరికొందరు దానిని ఆటోలో ఎక్కించుకుని రిచ్చి స్ట్రీట్‌కు బయలుదేరుతారు. నిజానికి ఈ రెండింటికీ ముందు ఇంట్లోనే చేయదగిన పరీక్షలు ఉన్నాయి. తెర ఆరకపోవడమన్నది చాలా సందర్భాలలో తెర చెడిపోయినందువల్ల కాదు. ప్రింటరును ఎవరో మేల్కొలుపుతూ ఉండాలి, లేదా తన పని ఇంకా ముగియలేదని అది భావిస్తూ ఉండాలి. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చుకోవడమే మరమ్మతులో సగం పని.

ముందుగా ప్రింటరు నిద్ర అంటే ఏమిటో తెలుసుకోవలసి ఉన్నది. అది ఒక్క మెట్టు కాదు. పని లేకుండా కొంతసేపు గడిచాక తెర వెలుగు తగ్గుతుంది. ఆ తరువాత యంత్రం స్లీప్ అనే స్థితికి వెళుతుంది. అప్పుడు ముద్రణ భాగాలు విశ్రమిస్తాయి కాని, వైఫై వంటి వినికిడి భాగాలు మాత్రం మేలుకొని ఉంటాయి. కొన్ని నమూనాలలో ఇంకా లోతైన డీప్ స్లీప్ అనే మెట్టు కూడా ఉంటుంది. చివరిది ఆటో ఆఫ్, అంటే యంత్రం తనంతట తాను పూర్తిగా ఆగిపోవడం. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. వైఫైకి గాని నెట్‌వర్క్ కేబుల్‌కు గాని కలిపి ఉంచినప్పుడు ఆటో ఆఫ్ పనిచేయకుండా కొన్ని కంపెనీలు కావాలనే ఏర్పాటు చేశాయి. ఫోను నుంచి ఎప్పుడు ఆజ్ఞ వచ్చినా ముద్రించాలన్నది వాటి ఉద్దేశం. అటువంటి యంత్రం ఆఫ్ కాలేదని విచారించడం అనవసరం. అది నిద్రపోతున్నదా లేదా అన్నదే చూడవలసినది.

నిద్ర గుర్తు తెర ఒక్కటే కాదు. కొన్ని ప్రింటర్లలో తెర పూర్తిగా ఆరక మసకబారుతుంది. పవర్ బటన్ దీపం మెల్లగా వెలిగి ఆరుతూ ఉంటే అది చాలా నమూనాలలో నిద్రకే సంకేతం. లేజరు ప్రింటరు అయితే మరో సులభమైన పరీక్ష ఉన్నది. చివరి కాగితం వచ్చిన గంట తరువాత, వేడి గాలి వెలువడే చిల్లుల ముందు చేయి ఉంచి చూడాలి. లోపల పొడి ఇంకును కాగితానికి అతికించే ఫ్యూజర్ అనే రోలర్ ముద్రణ వేళ సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. గంట తరువాత కూడా అక్కడ వెచ్చదనం తగులుతూ, ఫ్యాను నడుమ నడుమ తిరుగుతూ ఉంటే యంత్రం నిజంగా మేలుకొని ఉన్నట్లే. చల్లగా ఉండి తెర మాత్రమే వెలుగుతుంటే, అది తెర దీపానికి విడిగా ఉన్న సమయం సెట్టింగ్‌కు సంబంధించిన చిన్న సంగతి.

ఈ భేదం బిల్లు దగ్గర కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. ఇంకు ట్యాంకు ప్రింటరు మేలుకొని ఉంటే 4 వాట్లు, నిద్రలో 1 వాట్ వాడుతుందనుకుంటే తేడా 3 వాట్లు. అరవై రోజులకు అది నాలుగు యూనిట్ల పైచిలుకు మాత్రమే. దాని కోసం నిద్ర పాడుచేసుకోనక్కరలేదు. అదే ఫ్యూజర్‌ను నిరంతరం వెచ్చగా ఉంచే లేజరు యంత్రం సిద్ధస్థితిలో 50 వాట్లు లాగుతున్నదనుకుంటే, అరవై రోజులకు 72 యూనిట్లు అవుతాయి. తమిళనాడులో గృహ వినియోగదారులకు రెండు నెలల లెక్కకు తొలి 100 యూనిట్లు ఉచితం చేస్తూ 2016 మేలో ఉత్తర్వు వెలువడిన సంగతి తెలిసిందే. దానితో పోల్చితే, ఒక్క కాగితమైనా ముద్రించకుండా మేలుకొని ఉన్న ప్రింటరు ఆ ఉచితంలో ముప్పాతిక వంతుకు దగ్గరగా మింగివేస్తున్నదన్న మాట. అక్కడి శ్లాబుల పద్ధతిలో వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్ల ధర కూడా పెరుగుతుంది కనుక ఆ 72 యూనిట్లు ఎప్పుడూ ఖరీదైన అంచునే చేరుతాయి. అయితే లేజరు యంత్రాలన్నీ ఇలా ఉండవు. కాగితం వచ్చినప్పుడు మాత్రమే క్షణాలలో వేడెక్కే రకాలు సిద్ధస్థితిలో కొద్ది వాట్లే వాడతాయి. యంత్రంతో వచ్చిన పుస్తకంలో రెడీ, స్లీప్ అని విడివిడిగా వాట్లు వ్రాసి ఉంటాయి. దానిని ఒకసారి చూడడం మంచిది.

పుస్తకం పోయినవారు ఇంటి మీటరునే పరీక్షకు వాడుకోవచ్చు. ఎలక్ట్రానిక్ మీటరు ముఖం మీద మినుకుమినుకుమనే చిన్న ఎర్ర దీపం ఉంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మినుకుతుందో పక్కనే ముద్రించి ఉంటుంది. ఆ సంఖ్య 3200 అనుకుందాం. ఫ్రిజ్జు సహా అన్నీ పది నిమిషాలు ఆపి ప్రింటరు ఒక్కదానినే ఉంచి లెక్కపెడితే, 50 వాట్ల యంత్రానికి సుమారు 27 మినుకులు వస్తాయి. నిద్రపోయిన యంత్రానికి ఒకటి వస్తే వస్తుంది, లేకుంటే అదీ లేదు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

చెన్నై ఇళ్లలో ఇన్వర్టరు కూడా సామాన్యమే. ప్రింటరు ప్లగ్గు ఇన్వర్టరు లైనులో ఉంటే, కరెంటు లేని నాలుగు గంటలలో ఆ 50 వాట్ల యంత్రం 200 వాట్-గంటల బ్యాటరీని ఖర్చు చేస్తుంది. 75 వాట్ల సీలింగు ఫ్యాను దానితో రెండున్నర గంటలకు పైగా తిరుగుతుంది. తుఫాను రాత్రి ఇంట్లో పసిపిల్లలో వృద్ధులో ఉన్నవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. పైగా లేజరు ప్రింటరు ఫ్యూజర్ వేడెక్కే క్షణంలో వందల వాట్లు ఒక్కసారిగా లాగుతుంది కనుక దానిని ఇన్వర్టరుకు, చిన్న యూపీఎస్‌కు అసలే కలపరాదు.

ఇక పరీక్షకు వద్దాం. మొదట మెనూలో సెట్టింగ్స్‌కు వెళ్లి స్లీప్ లేక పవర్ సేవ్ లేక ఎకో అన్న పేరుతో ఉన్న చోటు వెతకాలి. కంపెనీని బట్టి పేరు మారుతుంది. అక్కడ నిమిషాల సంఖ్య ఉంటుంది. కొన్నిటిలో అది 5, 10, 15 మాత్రమే. కొన్నిటిలో నాలుగు గంటల వరకు పెంచవచ్చు. ఎవరో ఒకనాడు అవసరం కొద్దీ పెంచి మరచిపోయి ఉండవచ్చు. తెర లేని చౌక నమూనాలకు ఈ సంఖ్యను కంప్యూటరులోని ప్రింటరు సాఫ్ట్‌వేర్ నుంచి మార్చవలసి ఉంటుంది. సంఖ్యను అయిదు లేక పది నిమిషాలకు తగ్గించి సేవ్ చేసి ఆగాలి. వెంటనే మరో బటన్ నొక్కితే లెక్క మళ్లీ మొదటికి వస్తుందని మరువరాదు. పది నిమిషాలకోసారి ‘నిద్రపోయిందా’ అని తెరను తాకి చూసేవారి ప్రింటరు ఏనాటికీ నిద్రపోదు.

సంఖ్య సరిగానే ఉన్నదనుకుందాం. అప్పుడు తెర మీద ఏమి వ్రాసి ఉన్నదో చదవాలి. ఇంకు తక్కువ, కాగితం లేదు, మూత తెరిచి ఉంది వంటి సందేశం నిలిచి ఉంటే, యజమాని చూసేవరకు తెర ఆర్పకుండా ఉంచే యంత్రాలు ఉన్నాయి. వీటిలో మనవారిని ఎక్కువగా వేధించేది కాగితం కొలత. అమెరికా పద్ధతి లెటర్ కొలతలో తయారైన దస్తావేజును ఏ4 కాగితం ఉన్న ప్రింటరుకు పంపితే, లెటర్ కాగితం పెట్టమని అడిగి అది అలాగే వేచి ఉంటుంది. దస్తావేజుల కోసం లీగల్ కాగితం వాడినవారు తరువాత ట్రేను మార్చకపోయినా ఇదే తంతు. పంపినవారు ‘రాలేదులే’ అనుకుని లేచిపోతారు. ప్రింటరు మాత్రం ఆ కాగితం కోసం తెల్లవార్లూ ఎదురుచూస్తుంది. కంప్యూటరులో ప్రింటరు క్యూ తెరిచి, అక్కడ నిలిచిపోయిన పనులన్నిటినీ రద్దు చేసి, యంత్రం మీద కూడా క్యాన్సిల్ నొక్కాలి. క్యూలో పేరు తొలగకుండా మొరాయిస్తే, విండోస్ సర్వీసుల పట్టికలో ప్రింట్ స్పూలర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే చాలావరకు తొలగుతుంది. ఫ్యాక్స్ సదుపాయం ఉన్న పాత యంత్రాలలో ముద్రించని ఫ్యాక్స్ జ్ఞాపకంలో మిగిలి ఉన్నా ఇదే జరుగుతుంది.

అప్పటికీ తెర ఆరకపోతే అసలు పరీక్ష చేయాలి. యూఎస్‌బీ కేబుల్ ఊడదీయాలి. నెట్‌వర్క్ కేబుల్ ఉంటే దానినీ తీయాలి. ప్రింటరు మెనూలో వైఫైని, వైఫై డైరెక్ట్‌ను ఆపాలి. మెమరీ కార్డు, పెన్ డ్రైవ్ ఏదైనా గుచ్చి ఉంటే తీసివేయాలి. ఇప్పుడు ప్రింటరుకు బయటి ప్రపంచంతో ఉన్న సంబంధం కరెంటు తీగ ఒక్కటే. స్లీప్ సంఖ్య కన్నా మరో అయిదు నిమిషాలు ఎక్కువగా, ఎవరూ తాకకుండా వదిలివేయాలి. తెర ఆరిందా, దోషం బయట ఉన్నది. ఆరలేదా, దోషం లోపల ఉన్నది. రిచ్చి స్ట్రీట్ ప్రయాణం అవసరమా కాదా అన్నది ఈ పావుగంట తేలుస్తుంది.

తెర ఆరినవారే ఎక్కువమంది ఉంటారు. వారు వెతకవలసింది మేల్కొలుపుతున్నవారిని. తీసిన సంబంధాలను ఒక్కొక్కటిగా, ప్రతిసారీ పావుగంట వ్యవధితో తిరిగి కలపాలి. యూఎస్‌బీ కలిపిన వెంటనే జబ్బు తిరగబెడితే కంప్యూటరులోని సాఫ్ట్‌వేరే కారణం. ప్రింటరుతో పాటు వచ్చే స్టేటస్ మానిటర్ అనే చిన్న కార్యక్రమం ఇంకు ఎంత ఉన్నదో కాసేపటికోసారి ప్రింటరును అడుగుతుంది. ప్రశ్న చిన్నదే అయినా, జవాబు చెప్పడానికి కొన్ని యంత్రాలు పూర్తిగా లేచి కూర్చుంటాయి. కంప్యూటరు ఆన్ కాగానే తానుగా మొదలయ్యే కార్యక్రమాల పట్టిక నుంచి దానిని తొలగించినా ముద్రణకు ఏ లోటూ రాదు.

వైఫై కలిపినప్పుడు తిరగబెడితే అన్వేషణ కొంచెం పెద్దది. ఎందుకంటే ఇంట్లో ఒకటి కాదు, ఆరేడు యంత్రాలు అదే వైఫై మీద ఉంటాయి. విండోస్ కంప్యూటరులో ప్రింటర్ ప్రాపర్టీస్, పోర్ట్స్, కాన్ఫిగర్ పోర్ట్ అన్న వరుసలో వెళితే, టీసీపీ-ఐపీ పోర్టు ఉన్నచోట ‘ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్’ అనే గడి కనిపిస్తుంది. అది కూడా యోగక్షేమాలు అడిగే ఏర్పాటే. అందులోని టిక్కు తీసివేసి చూడవచ్చు. ప్రింటరు సొంత సెట్టింగ్స్ పేజీని బ్రౌజరులో తెరిచి మూయకుండా వదిలేసినా, ఆ పేజీ తనను తాను తాజా చేసుకుంటూ యంత్రాన్ని కుదుపుతూనే ఉంటుంది. ఇంటి నెట్‌వర్క్‌లోని పరికరాలన్నిటినీ తనిఖీ చేసే యాంటీవైరస్‌లు, ఫోనులో నేపథ్యంగా నడిచే ప్రింటరు యాప్‌లు కూడా ఇదే పని చేయగలవు. ఎవరిదో తేల్చడానికి రాత్రి పడుకునే ముందు ఒక్కో రోజు ఒక్కో ఫోనుకు, కంప్యూటరుకు వైఫై తీసివేసి చూడడం కన్నా సూక్ష్మమైన ఉపాయం లేదు. ఓపిక కావాలి, అంతే.

రూటరు దూరంగా ఉండి సిగ్నల్ బలహీనమైతే, ప్రింటరు సంబంధం తెగిన ప్రతిసారీ మళ్లీ కలుపుకోవడానికి లేస్తుంది. పాత చెన్నై ఇళ్ల లావు గోడల వెనుక ఇది జరిగే సంగతే. రూటరును దగ్గరకు జరపడం, ప్రింటరుకు మారని చిరునామాను రూటరులో కేటాయించడం ఇందుకు మందు. అపార్ట్‌మెంట్లలో మరో విషయం గమనార్హం. వైఫై డైరెక్ట్ తెరిచి ఉన్న ప్రింటరు పేరు పక్క ఫ్లాటువారి ఫోనులోనూ కనబడుతుంది. వారు తమ ప్రింటరు అనుకుని దీనిని తట్టవచ్చు. రూటరు ద్వారా ముద్రించుకునేవారికి వైఫై డైరెక్ట్‌తో పని లేదు కనుక దానిని ఆపివేయడమే క్షేమం. ఆధార్, బ్యాంకు కాగితాలు తిరిగే యంత్రానికి ఇది మరీ అవసరం.

అన్ని సంబంధాలూ తీసినా తెర ఆరకపోతే లోపలి కారణాలు చూడాలి. కాగితాలను వరుసగా లాక్కునే పై ట్రేలో చిన్న ముక్క ఇరుక్కున్నా, అక్కడి సెన్సారు కాగితం ఉన్నదనే చెబుతుంది. పనికి సిద్ధంగా ఉండాలని యంత్రం అనుకుంటుంది. స్కానర్ మూత, వెనుక తలుపు గట్టిగా మూసి ఉన్నాయో లేదో చూడాలి. బటన్ ఒకటి లోపలికి దిగి ఉండిపోయినా, టచ్ తెర మీద జిడ్డు, తేమ చేరినా ఎవరో నిరంతరం తాకుతున్నట్లే లెక్క. సముద్రపు గాలి తగిలే చెన్నైలో ఈ అనుమానం కొట్టివేయదగినది కాదు. యంత్రం ఆపి, మెత్తటి పొడిబట్టతో తుడవాలి. నీరు చల్లరాదు.

తరువాత పవర్ బటన్‌తో ఆపి, ప్లగ్గు తీసి, కొన్ని నిమిషాలు ఆగి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కాక నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి చూడాలి. కంపెనీ వెబ్‌సైటులో ఫర్మ్‌వేర్ కొత్త కూర్పు ఉంటే వేసుకోవచ్చు. కరెంటు పోయే అవకాశమున్న వేళ మాత్రం ఆ పని పెట్టుకోరాదు. సగంలో ఆగితే ప్రింటరు బొత్తిగా లేవకుండా పోయే ప్రమాదమున్నది. చివరి ప్రయత్నం ఫ్యాక్టరీ రీసెట్. దానితో వైఫై పాస్‌వర్డు మొదలు అన్నీ చెరిగిపోతాయి కనుక ముందే వ్రాసి ఉంచుకోవాలి.

గోడ స్విచ్చి సంగతి చెప్పవలసి ఉన్నది. తెర ఆరలేదన్న కోపంతో రోజూ గోడ దగ్గర కట్టేయడం ఇంకు ప్రింటర్లకు చేటు. పవర్ బటన్ నొక్కినప్పుడు ముద్రణ తల ఒక మూలకు చేరి, సూక్ష్మ రంధ్రాలు ఎండకుండా రబ్బరు మూత కింద దాగుతుంది. పని మధ్యలో గోడ దగ్గర కరెంటు తీస్తే అది ఎక్కడున్నది అక్కడే తెరచుకుని నిలిచిపోవచ్చు. ఎండాకాలపు వేడికి ఇంకు గడ్డకట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. పైగా తిరిగి వెలిగించిన ప్రతిసారీ కొన్ని యంత్రాలు తలను శుభ్రం చేసుకుంటాయి. ఆ ఇంకంతా లోపలి వ్యర్థపు మెత్తలోకి పోతుంది. మెత్త నిండితే ముద్రణే ఆపివేసే నమూనాలు ఉన్నాయి. నాలుగు యూనిట్లు మిగిల్చబోయి ఇంకు సీసా, మరమ్మతు ఖర్చు నెత్తికెత్తుకోవడమన్న మాట. రాత్రికి ఆపాలనుకుంటే పవర్ బటన్ నొక్కి, లోపలి చప్పుడు పూర్తిగా నిలిచాక స్విచ్చి కట్టాలి. లేజరు యంత్రానికి ఈ ఇంకు బాధ లేదు. ఫ్యాను ఆగేవరకు ఆగితే చాలు. వెలుగు కనబడకుండా దాని మీద దుప్పటి కప్పే అలవాటు మాత్రం మానుకోవాలి. వేడి బయటికి పోయే దారి అదే.

పరికరాలు ఊరకే కరెంటు తాగడం మన ఇళ్ల సమస్య మాత్రమే కాదు. విశ్రాంతి స్థితిలో ప్రతి పరికరమూ ఒక వాట్‌కు మించరాదన్న లక్ష్యాన్ని అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లోనే ప్రతిపాదించింది. అమెరికాలో 1992లో ఎనర్జీ స్టార్ గుర్తు మొదలైంది. ఐరోపా కూటమి 2008లో దీనికి చట్టరూపమిచ్చింది. దేశదేశాలలో ఒకే నమూనాను అమ్మే కంపెనీలు ఆ నియమాలకు తగినట్లే యంత్రాలు చేస్తున్నాయి కనుక, మన బల్ల మీది ప్రింటరుకూ నిద్రపోయే శక్తి పుట్టుకతోనే ఉన్నది. దానిని నిద్రపోనీయనిదేమిటో వెతకడమే మిగిలిన పని.

ఇన్ని చేసినా ఆరని తెరకు ప్యానెల్ లేక మెయిన్ బోర్డు దోషం ఉండవచ్చు. అప్పుడు వారంటీ ఉన్నదో లేదో మొదట చూసుకోవాలి. ఉంటే కంపెనీ సర్వీసు సెంటరుకే పోవాలి. బయటివారు సీలు విప్పితే వారంటీ పోయే అవకాశమున్నది. లేకుంటే అన్నాసాలై పక్కన రిచ్చి స్ట్రీట్, దాని చుట్టుపక్కల సందులలో ప్రింటరు పనివారు ఉన్నారు. యంత్రం మోయకముందే నమూనా సంఖ్య, ఫర్మ్‌వేర్ కూర్పు, అన్ని తీగలూ తీసినా తెర ఆరలేదన్న పరీక్ష ఫలితం ఒక కాగితం మీద వ్రాసుకుని పోతే, డ్రైవరు మార్చితే సరిపోతుందని రెండుసార్లు తిప్పించుకునే పని తప్పుతుంది. బోర్డు ధర కొత్త ప్రింటరు ధరలో సగం దాటితే మరమ్మతు గిట్టదు. ట్యాంకు ప్రింటరును ఆటోలో తీసుకుపోయేటప్పుడు ఇంకు మూతలు బిగించి, నిలువుగానే ఉంచాలి. పాతదానిని మార్పిడికి ఇచ్చివేసేవారు అందులో దాచిన ఫోను నంబర్లు, ఈమెయిల్ చిరునామాలు, వైఫై పాస్‌వర్డు చెరిగేలా రీసెట్ చేసి, స్కానరు అద్దం మీద మరచిపోయిన పట్టా కాగితమేదైనా ఉన్నదేమో మూత తెరిచి చూసి ఇవ్వాలి.